150 బాక్సులు తెరిచినా ఆ స్కిన్ రాలేదు: ఎందుకు, ఇప్పుడేం చేయాలి

ముందు మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెప్తాను, ఇదే బాధలో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది చదువుతారు కాబట్టి. మీ గేమ్‌లో మూడు వారాల సీజన్ ఈవెంట్, అందులో ఆడితే లోపల ఏముందో తెలియని బహుమతి బాక్సులు వస్తాయి. ఒక్క డైలీ మిషన్ కూడా వదలకుండా రోజూ రెండు మూడు గంటలు ఆడి 150 బాక్సులు సంపాదించారు. ఒక్కో బాక్సులో లెజెండరీ (అరుదైన బహుమతి) వచ్చే అవకాశం 2 శాతం అని గేమ్‌లోనే రాసి ఉంది. లెజెండరీల్లో ఐదు స్కిన్లున్నాయి (క్యారెక్టర్ రూపాన్ని మార్చే వేషాలు), మీకు కావాల్సింది వాటిలో ఒక్కటే. మొత్తం మీద మూడు లెజెండరీలు వచ్చాయి, అందులో రెండు ఒకటే స్కిన్, మీరు కోరుకున్నది మాత్రం రాలేదు. మీ ఫ్రెండ్‌కి రెండో బాక్సులోనే వచ్చేసింది. ఇంకా రెండు రోజులే మిగిలాయి. నా అకౌంట్‌ని ఏమైనా చేశారా, డబ్బు పెట్టి ఇంకో 40 బాక్సులు కొంటే వస్తుందా, లేకపోతే ఈ గేమే మానేయాలా, ఇవీ మీ ప్రశ్నలు.

నేను పదిహేనేళ్లకు పైగా ఆన్‌లైన్ గేములు ఆడుతున్నాను. మధ్యలో ఆరేళ్లు ఒక చిన్న స్టూడియోలో పనిచేశాను, ఈవెంట్లలో ఏ బాక్సులో ఏది ఎంత శాతం రావాలో రాసే టేబుళ్లే నా పని. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

మీరు రాసిన అంకెలు చూడగానే నేను చేసిన మొదటి పని లెక్క వేయడం. 150 బాక్సులు, 2 శాతం. సగటున రావాల్సిన లెజెండరీలు ఎన్ని? మూడు. మీకు ఎన్ని వచ్చాయి? మూడే. ఆ మూడింట్లో కనీసం ఒకటి డూప్లికేట్ అయ్యే అవకాశం ఎంత? 52 శాతం. ఆ మూడింట్లో మీకు కావాల్సింది లేకపోయే అవకాశం? 51 శాతం. అంటే మీ అదృష్టం చెడ్డదేమీ కాదండి. సరిగ్గా సగటు మనిషికి ఏం జరగాలో అదే మీకు జరిగింది. దీన్ని ఇంకోలా చూస్తే, ఒక్క ప్రత్యేకమైన స్కిన్ వచ్చే అవకాశం 2 శాతంలో ఐదో వంతు, అంటే 0.4 శాతం. ఆ లెక్కన 150 బాక్సులు తెరిచిన వందమందిలో దాదాపు 55 మందికి అది రాదు. మూడు వారాలు పూర్తిగా ఆడినవాళ్లలో సగానికి పైగా ఖాళీ చేతులతో వెళ్లేలాగే ఆ టేబుల్ తయారైంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మీరు మూడు వారాలుగా మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు, కానీ ఆ ఫలితాన్ని ఈవెంట్ మొదలవ్వకముందే ఎవరో ఒక షీట్‌లో రాసి పెట్టారు.

"2 శాతం" అని పెద్ద అక్షరాలతో చూపించి, ఆ 2 శాతం ఐదు ముక్కలవుతుందనే సంగతి లోపలి పేజీలో పెట్టడం చాలా గేముల్లో ఉన్న అలవాటు. అబద్ధం అనలేం. కానీ చూసేవాళ్లు 2 శాతం అంటే 50 బాక్సుల్లో ఒకటి వస్తుందనుకుంటారు, 150 అంటే ఖాయం అనుకుంటారు. నిజానికి 2 శాతం అవకాశంతో 50 బాక్సులు తెరిచినా 36 శాతం మందికి ఒక్క లెజెండరీ కూడా రాదు. బాక్సుకి జ్ఞాపకం ఉండదు. 149 సార్లు రాలేదు కదా, ఈసారి ఇవ్వాలి అని అది అనుకోదు. 150వది కూడా మొదటి బాక్సు లాంటిదే.

మీ చేతిలో ఉండాల్సిన ఒక చిన్న లెక్క చెప్తాను, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. మీకు కావాల్సిన వస్తువు శాతం ఎంతో చూసుకుని, 230ని ఆ శాతంతో భాగించండి. వచ్చే అంకె, ఆ వస్తువు 90 శాతం నమ్మకంతో రావాలంటే తెరవాల్సిన బాక్సుల సంఖ్య. ఒక శాతం అయితే 230 బాక్సులు. రెండు శాతం అయితే 115. మీ 0.4 శాతానికి 575. సగం సగం అవకాశం చాలు అనుకుంటే 230 బదులు 70 పెట్టుకోండి, మీ స్కిన్‌కి 175 వస్తుంది. చిన్న శాతాలకు ఈ లెక్క దాదాపు సరిపోతుంది. ఈవెంట్ మొదటి రోజే ఇది వేసుకుని ఉంటే, 575 కావాల్సిన చోట మీకు వచ్చేవి 150 అని అప్పుడే తెలిసేది. ఆడాలా వద్దా అనేది అప్పుడు కూడా మీ ఇష్టమే, కానీ చివర్లో ఇంత దెబ్బ తగిలేది కాదు.

ఇక అసలు సంగతి. నాకు అదృష్టం మీద నడిచే లూట్ (గేమ్‌లో దొరికే బహుమతులు) అంటే ద్వేషం లేదు. డయాబ్లో లాంటి గేములు బతికేదే దాని మీద, రాక్షసుణ్ణి చంపగానే కింద ఏం పడుతుందో తెలియకపోవడంలో నిజమైన ఆనందం ఉంది. ఈరోజు పడకపోతే రేపు, రేపు కాకపోతే వచ్చే నెల. గడువున్న ఈవెంట్లంటే కూడా ద్వేషం లేదు. ఫలానా తేదీలోపు ఇన్ని పాయింట్లు తెస్తే ఫలానా వస్తువు ఇస్తామంటే మనం ప్లాన్ చేసుకుంటాం, కుదిరితే చేస్తాం, కుదరకపోతే మానేస్తాం. ఈ రెండూ కలిసిన చోటే మనిషి నలిగిపోతాడు. అదృష్టానికి ఓపిక కావాలి, గడువేమో ఓపిక పట్టనివ్వదు. ఎంత కష్టపడినా ఫలితం మన చేతిలో ఉండదు, అదే సమయంలో తప్పిపోతే ఏడాది దాకా మళ్లీ రాదు, అసలు వస్తుందో రాదో కూడా చెప్పరు. మీరు పడుతున్న బాధ సరిగ్గా ఈ కలయిక వల్ల పుట్టింది. స్కిన్ రాలేదనే దానికన్నా, చేయాల్సిందంతా చేశాక కూడా చేయడానికి ఇంకేమీ మిగల్లేదనేదే ఎక్కువ బాధ.

ఇది కొత్త సమస్య కూడా కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఫిబ్రవరి నెలలో వచ్చే ప్రేమ పండుగ ఈవెంట్ ఉంది, అందులో బాస్‌ని (పెద్ద శత్రువుని) ఓడిస్తే వచ్చే పెట్టెలో అదృష్టం ఉంటే గులాబీ రంగు రాకెట్ మౌంట్ (ఎక్కి తిరిగే వాహనం) ఉంటుంది. ఒక్కో క్యారెక్టర్‌కి రోజుకి ఒక్కసారే అవకాశం. దాని డ్రాప్ రేటు (అది వచ్చే అవకాశం) ఎంత తక్కువగా ఉండేదంటే, కేవలం దానికోసమే పది ఇరవై క్యారెక్టర్లు పెంచి, ఈవెంట్ ఉన్నన్ని రోజులూ అన్నింటితోనూ అదే బాస్‌ని కొట్టి, ఏళ్ల తరబడి ఫిబ్రవరి ఫిబ్రవరికీ అదే పని చేసినా రానివాళ్లు ఉన్నారు. నా గిల్డ్‌లోనే (కలిసి ఆడే మా జట్టులోనే) ఇద్దరు. మంచి ఆటగాళ్లు, కష్టమైన రెయిడ్లు (పెద్ద జట్టుతో చేసే పోరాటాలు) నడిపించినవాళ్లు. ఆ రెండు వారాలు మాత్రం వాళ్లు ఆడేవాళ్లు కాదు, హాజరు వేసుకునేవాళ్లు.

ఓవర్‌వాచ్ గేమ్‌లో 2016 ఆగస్టులో వేసవి క్రీడల ఈవెంట్ పెట్టారు. ఆ స్కిన్లు బాక్సుల్లో రావాల్సిందే, ఆడి దాచుకున్న క్రెడిట్లతో కొనుక్కునే వీల్లేదు. ఆటగాళ్లు గట్టిగా అడిగారు. తర్వాతి ఈవెంట్ల నుంచి క్రెడిట్లతో కొనుక్కునే దారి తెరిచారు, మామూలు స్కిన్ల కన్నా ధర ఎక్కువే అయినా దారంటూ ఒకటి ఉంది. 2017 వేసవిలో అదే ఈవెంట్ తిరిగి వచ్చినప్పుడు పాతవి కూడా క్రెడిట్లతో దొరికాయి. అడిగితే మారతాయి అనడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇదే.

మీ ఫ్రెండ్‌కి రెండో బాక్సులో వచ్చిన సంగతి. దీనివల్ల కలిగే మంట నాకు బాగా తెలుసు. 40 మంది ఉన్న గిల్డ్‌లో స్కిన్ వచ్చిన ఇద్దరు ముగ్గురు స్క్రీన్‌షాట్ పెడతారు, రానివాళ్లు ఏమీ పెట్టరు, రాలేదన్న దానికి స్క్రీన్‌షాట్ ఉండదు కదా. కాబట్టి చూసేవాళ్లకి అందరికీ వచ్చి తనకొక్కడికే రాలేదనిపిస్తుంది. అర్ధరాత్రి తెరిస్తే వస్తుంది, ఫలానా మ్యాప్‌లో నిలబడి తెరిస్తే వస్తుంది, పది కలిపి ఒకేసారి తెరిస్తే వస్తుంది అని చెప్పేవన్నీ అలా పుట్టినవే. వచ్చినవాడు ఆ క్షణంలో ఏం చేస్తున్నాడో అది మంత్రం అయిపోతుంది. బాక్సు వణికి, వెలుగు చిమ్మి, బంగారు రంగు దాకా వెళ్లి వెనక్కొచ్చే ఆ యానిమేషన్ కూడా ఉత్త బొమ్మే, మీరు బటన్ నొక్కగానే సర్వర్ ఫలితం తేల్చేస్తుంది, మిగిలిందంతా మీ గుండె వేగం పెంచడానికి. తిరిగే చక్రం మీకు కావాల్సిన గడి పక్కన ఆగితే "కొంచెంలో పోయింది" అనుకోకండి. కొంచెం అనేది అక్కడ లేనే లేదు.

మనసు ఎందుకు ఇలా ఇరుక్కుంటుందో మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఎప్పుడో చూపించారు. ఆయన ప్రయోగాల్లో, మీటని పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలి తీరాక ఆగిపోతుంది. ఎన్ని పొడుపులకు పడుతుందో తెలియనప్పుడు మాత్రం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది, గింజలు పడటం మానేశాక కూడా చాలాసేపు పొడుస్తుంది. 1957లో తోటి శాస్త్రవేత్త ఫెర్‌స్టర్‌తో కలిసి దీని మీద పెద్ద పుస్తకమే రాశారు. మీరు బలహీనులు కాబట్టి రోజుకి మూడు గంటలు కూర్చోలేదు. ఎవరినైనా కూర్చోబెట్టగల పద్ధతి అది.

అకౌంట్‌ని ఏమైనా చేశారా అన్న ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పాలంటే రెండు మాటలు చెప్పాలి. మీ అంకెలు రాసి ఉన్న శాతాలకు సరిగ్గా సరిపోతున్నాయి, కాబట్టి మీ విషయంలో అలాంటి సూచన ఏదీ లేదు. నేను పనిచేసిన చోట ఒక ఆటగాడి అదృష్టాన్ని విడిగా తగ్గించే ఏర్పాటు ఎప్పుడూ లేదు, అంతమందికీ ఒకే టేబుల్ పెడితేనే కంపెనీకి కావాల్సినదంతా జరుగుతుంది. అయితే అనుమానపడేవాళ్లందరినీ పిచ్చివాళ్లు అనడం కూడా తప్పు. దక్షిణ కొరియాలో మేపుల్‌స్టోరీ గేమ్‌లో డబ్బుతో కొనే క్యూబ్‌లలో (సామగ్రి గుణాలను యాదృచ్ఛికంగా మార్చే వస్తువులు) మంచి ఫలితం వచ్చే అవకాశాలను ఆటగాళ్లకి చెప్పకుండా తగ్గించారని తేలి, 2024 జనవరిలో అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ నెక్సన్ కంపెనీకి 1,160 కోట్ల వోన్‌లకు పైగా జరిమానా వేసింది. అదే ఏడాది మార్చి నుంచి అక్కడ అవకాశాల శాతాలు బయటపెట్టడం చట్టప్రకారం తప్పనిసరి అయింది. చైనాలో 2017 మే నుంచే ఆ నియమం ఉంది. యాపిల్ కూడా 2017 డిసెంబర్‌లో, డబ్బుకి బాక్సులు అమ్మే యాప్‌లు శాతాలు చూపించాల్సిందేనని నిబంధన పెట్టింది. శాతాలే చూపించని ఈవెంట్‌లో ఒక్క రూపాయి కూడా పెట్టకండి, అది నా కచ్చితమైన అభిప్రాయం.

ఇప్పుడు పిటీ గురించి, మన ఆటగాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పిటీ అంటే ఇన్నిసార్లు రాకపోతే తర్వాతి సారి తప్పకుండా ఇస్తాం అనే హామీ. గెన్షిన్ ఇంపాక్ట్‌లో ఐదు నక్షత్రాల క్యారెక్టర్ మూల అవకాశం 0.6 శాతమే, కానీ 90వ సారికి తప్పకుండా వస్తుంది. అది మీరు కోరుకున్న క్యారెక్టరే కాకపోవచ్చు, అలా కాకపోతే దాని తర్వాత వచ్చేది మాత్రం ఖాయంగా ఆ బ్యానర్‌లో (కొన్నాళ్లు మాత్రమే ఉండే లాటరీలో) ప్రత్యేకంగా చూపించినదే. అంటే ఎంత అదృష్టం లేకపోయినా 180 దాటదు. ఆ 180 చిన్న అంకె కాదు, ఆ పద్ధతిని పొగడటం నా ఉద్దేశం కాదు. కానీ ఒక సంగతి గమనించండి, ఈ బ్యానర్‌లో 60 సార్లు తీసి ఆపేస్తే ఆ 60 పోదు, తర్వాత వచ్చే అదే రకం బ్యానర్‌కి కొనసాగుతుంది. మీరు ఆగగలరు. చాలా సీజన్ ఈవెంట్లలో పిటీ ఉందని గొప్పగా చెప్పుకుంటారు గానీ ఈవెంట్ ముగిసిన రోజే లెక్క సున్నాకి వెళ్లిపోతుంది. 100కి హామీ అని చెప్పి, ఉచితంగా వచ్చేవి 80 మాత్రమే పెడితే, ఆ చివరి 20 ఎవరి జేబులోంచి రావాలో వేరే చెప్పక్కర్లేదు. అందుకే పిటీ ఉందా అని మాత్రమే కాదు, అది ఎన్నింటికి, ఉచితంగా ఎన్ని వస్తాయి, మిగిలిన లెక్క తర్వాతి సీజన్‌కి వెళ్తుందా అని మూడూ చూడండి.

సెట్లు పూర్తి చేయమనే ఈవెంట్లు ఇంకా కఠినం. పది బొమ్మలు, అన్నీ సమానంగా వచ్చే అవకాశం ఉన్నాయనుకోండి. పదీ సేకరించడానికి సగటున 29 బాక్సులు కావాలి, అందులో చివరి మూడు బొమ్మలకే 18 పోతాయి. మొదట్లో గబగబా నిండుతుంది, ఇంకా మూడే కదా అని ఉత్సాహంగా ఉంటుంది, అసలు ఖర్చంతా అక్కడి నుంచే మొదలవుతుంది. డబ్బుకి అమ్మే యాదృచ్ఛిక బొమ్మలతో సెట్ పూర్తి చేయించి పెద్ద బహుమతి ఇచ్చే పద్ధతిని జపాన్‌లో 2012లోనే అక్కడి ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల సంస్థ చట్టవిరుద్ధమని తేల్చింది. కొంపు గాచా అంటారు దాన్ని.

నేను స్టూడియోలో ఉన్నప్పుడు జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఒక శీతాకాలపు ఈవెంట్‌కి టేబుల్ నేనే రాశాను, మీ గేమ్‌లో ఉన్నదానికి చాలా దగ్గరగా ఉండేది. ఈవెంట్ ముగిశాక సపోర్ట్ టీం నాకు ఒక టికెట్ (ఆటగాడు రాసిన ఫిర్యాదు) పంపించింది. తిట్లు లేవు, బెదిరింపులు లేవు. ఒక ఆటగాడు రోజువారీగా తారీఖు, ఎన్ని బాక్సులు, ఏం వచ్చాయి అని మొత్తం రాసి, చివర్లో "నేను ఎక్కడ తప్పు చేశానో చెప్తే వచ్చేసారి సరిచేసుకుంటాను" అని అడిగాడు. అతను ఏ తప్పూ చేయలేదు. ఆ జవాబు నా దగ్గర ఉంది, కానీ మేం పంపింది మామూలు "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు". చాలా రోజులు నాకు అది వదల్లేదు. తర్వాతి సీజన్‌కి నేను ఒక మార్పు అడిగాను, ప్రతి బాక్సుతో పాటు ఒక టోకెన్, 120 టోకెన్లకి ఇష్టమైన స్కిన్ ఒకటి. అలా చేస్తే చివరి వారంలో బాక్సులు ఎవరూ కొనరని మీటింగ్‌లో గట్టిగానే వాదించారు. రెండు సీజన్లు పట్టింది ఒప్పించడానికి. పెట్టిన తర్వాత సపోర్ట్‌కి వచ్చే ఫిర్యాదులు కళ్లకు కనిపించేంతగా తగ్గాయి, ఈవెంట్ మధ్యలో వదిలేసి వెళ్లినవాళ్లు కూడా మళ్లీ రావడం మొదలుపెట్టారు, ఎందుకంటే ఇప్పుడు ఎన్ని రోజులు ఆడితే చాలో వాళ్లకి తెలుసు. ముందే ఆ స్కిన్ బాక్సులో వచ్చినవాళ్ల సంతోషం ఏమీ తగ్గలేదు. అదృష్టం ఉన్నవాడికి త్వరగా రావాలి, లేనివాడికి ఆలస్యంగానైనా రావాలి, ఇంతకన్నా నేను ఏ గేమ్‌నీ ఎక్కువ అడగను.

మీరు సపోర్ట్‌కి రాయాలనుకుంటే ఆ ఆటగాడిలాగే అంకెలతో రాయండి. టికెట్ చదివే వ్యక్తికి శాతాలు మార్చే అధికారం ఉండదు, అతన్ని తిడితే టికెట్ మూసేస్తారు, అంతే. "150 బాక్సులు తెరిచాను, కావాల్సింది రాలేదు, టోకెన్ షాప్ గానీ వచ్చే సీజన్‌కి కొనసాగే పిటీ గానీ పెట్టండి" అని రెండు లైన్లు చాలు. అలాంటివి లెక్కపెట్టి పైకి పంపుతారు, నేను అలా వచ్చిన షీట్లు మీటింగుల్లో చూపించాను.

ఇక 40 బాక్సులు కొనడం. 0.4 శాతంతో 40 బాక్సుల్లో మీ స్కిన్ వచ్చే అవకాశం దాదాపు 15 శాతం. వందమంది మీలాగే కొంటే 85 మంది డబ్బూ పోయి స్కిన్ లేకుండా ఉంటారు. కొనకండి. ఇప్పటికే మూడు వారాలు పెట్టాను కదా, ఇంకొంచెం పెడితే తప్పేంటి అనే ఆలోచన వస్తుంది, చివరి రెండు రోజుల్లో ఆఫర్లు సరిగ్గా ఆ ఆలోచన కోసమే పెడతారు. మీరు పెట్టిన మూడు వారాలు ఆ 15 శాతాన్ని 16 కూడా చేయలేవు. గేమ్ కరెన్సీలో ధర చూసి తక్కువే అనిపిస్తే దాన్ని మామూలు డబ్బులోకి మార్చి కాగితం మీద రాసుకోండి. కావాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువ కరెన్సీ ఉన్న ప్యాకే ఎప్పుడూ ఎందుకు ఉంటుందో కూడా ఆలోచించండి, మిగిలిన ఆ కొంచెం తర్వాతి కొనుగోలుకి గాలం. నేరుగా ఆ స్కిన్‌నే ఒక ధరకి అమ్మితే, ఆ ధర మీకు భారం కాకపోతే, అది వేరే విషయం, అందులో మోసం లేదు, తీసుకోండి.

గేమ్ మానేయాలా అని అడిగారు. ఒక ప్రశ్నకి జవాబు చెప్పుకోండి: ఈవెంట్ లేని రోజుల్లో ఈ గేమ్ ఆడాలనిపిస్తుందా? అనిపిస్తే మానేయక్కర్లేదు, ఈవెంట్లు మానేయండి చాలు. నేను ఐదేళ్లుగా బాక్సుల ఈవెంట్లలో డైలీ మిషన్లు చేయడం లేదు, మామూలుగా ఆడుతుంటే వచ్చినవి తెరుస్తాను, రాకపోతే బాధ ఉండదు, ఎందుకంటే దానికోసం నేను ఏ సాయంత్రాన్నీ ఇవ్వలేదు. స్నేహితులతో ఆడే మ్యాచ్‌లు అలాగే ఉన్నాయి. గడువు లేని బహుమతులిచ్చే గేములు కూడా ఇప్పుడు ఉన్నాయి, హెల్‌డైవర్స్ 2లో వార్‌బాండ్లకి (ఆడుతూ ఒక్కొక్కటిగా తెరుచుకునే బహుమతుల జాబితాలు) చివరి తేదీ ఉండదు, హేలో ఇన్ఫినిట్‌లో తీసుకున్న బ్యాటిల్ పాస్ (అలాంటి జాబితాయే) ఎప్పటికైనా పూర్తి చేసుకోవచ్చు.

మిగిలిన రెండు రోజుల్లో ఒక్క పని చేయండి. డూప్లికేట్ లెజెండరీ వచ్చిందన్నారు కదా, చాలా గేముల్లో దానికి ముక్కలో, క్రెడిట్లో ఇస్తారు, అవి ఈవెంట్ షాప్‌లో మాత్రమే పనిచేసేవైతే గడువుతోపాటే పోతాయి. ఇన్వెంటరీలో ఈవెంట్ కరెన్సీ అనే చోట ఎంత ఉందో, షాప్‌లో రెండో పేజీలో ఏమున్నాయో చూడండి, చాలామంది మొదటి పేజీ చూసి వదిలేస్తారు. మీ స్కిన్ అక్కడ ఉంటే ధర ఎంతో, మీ దగ్గర ఎంత ఉందో రాయండి, రెండు రోజుల్లో సరిపోతుందో లేదో కలిసి లెక్క వేద్దాం.